టోపీలో కేసరి

"కొవ్వొత్తి మీద కేసరి ఉడకదండీ," అంది నాగమల్లేశ్వరి. ఆ మాట అనడం అప్పటికి నాలుగోసారి.

"ఉడికిందిగా అమ్మా. మూడొందల మంది చూశారు," అన్నాడు ఉమామహేశ్వరరావు, అప్పటికీ ఓపిక తగ్గకుండా.

సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యేనాటికి నాగమల్లేశ్వరి చూడని మొండిఘటం లేదు. తిట్టినా నోరు విప్పని వాళ్ళు, విప్పితే మూయని వాళ్ళు, పిల్లల మీద ఒట్టేసి అబద్ధమాడే వాళ్ళు, అందరూ ఆవిడ ముందు కూర్చుని లేచినవాళ్ళే. ఈయన మాత్రం కొత్త రకం. టీ చల్లారిపోతోందని గుర్తు చేస్తూ మరీ అబద్ధం చెబుతున్నాడు. డెబ్బై దాటిన మనిషి, రేపు పొద్దున పదింటికి పోలీసుల ముందు కూర్చోవాల్సిన మనిషి, పండక్కొచ్చిన చుట్టాల్ని పలకరిస్తున్నట్టు నవ్వుతుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోతోంది. పోనీ గట్టిగా కోప్పడదామా అంటే ఆ అధికారం ఏలూరు టూ టౌన్ స్టేషన్‌లోనే ఉండిపోయింది. ఇక్కడ, అమెరికాలో, ఈ కమ్మింగ్ అనే ఊళ్ళో, ఆవిడ కూతురింటికి వచ్చిన అమ్మమ్మ. కారు నడపడం రాదు. ఈ ఇంటికి కూడా అల్లుడు దింపి వెళితేనే వచ్చింది.

జరిగింది ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలుసు. పది రోజుల కిందట, శనివారం సాయంత్రం, క్లబ్‌హౌస్‌లో జరిగిన తెలుగు సంఘం వార్షికోత్సవంలో ఉమామహేశ్వరరావు మ్యాజిక్ చేశాడు. సంఘం ప్రెసిడెంటు తేజేశ్వర్ నెత్తిమీది కౌబాయ్ టోపీ అరువు పుచ్చుకుని, అందులో రవ్వ పోశాడు, పంచదార పోశాడు, పాలు పోశాడు, గరిటెడు నెయ్యి వేశాడు. "నా టోపీ, నా టోపీ" అని తేజేశ్వర్ మొత్తుకుంటుంటే జనం పడీపడీ నవ్వారు. టోపీని కొవ్వొత్తి మీద నాలుగు తిప్పులు తిప్పి, గుడ్డ కప్పి తీసేసరికి పొగలు కక్కే కేసరి. టోపీకి లోపల మరక కూడా లేదు. ఎవరి టోపీలో వండితే వారికే మొదటి ముద్ద అన్నాడు ముసలాయన. తేజేశ్వర్ తిన్నాడు. మైకు పట్టుకుని థాంక్స్ చెబుతూ చెబుతూనే గొంతు పట్టుకుని కూలబడ్డాడు.

అతనికి జీడిపప్పు పడదు. పడదంటే దురద పుట్టడం కాదు, ఊపిరి ఆగిపోవడం. ఎప్పుడూ దగ్గరుంచుకునే ఇంజెక్షను ఆ రోజు కారులో వదిలేశాడు, కేసరిలో జీడిపప్పు ఉండదని ముసలాయన మాటిచ్చాడు గనక. ఎవరో పార్కింగ్ లాట్‌కి పరిగెత్తి వెతికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. అప్పటినుంచీ వెంటిలేటర్ మీద ఉన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదు.

"సరే, మీరే వండారు," అంది నాగమల్లేశ్వరి, దారి మార్చి. "మరి ల్యాబ్ వాళ్ళు ఏమన్నారో తెలుసా? బల్లమీద మీరు పెట్టిన రవ్వలో జీడిపప్పు ఆనవాలు లేదు. పంచదారలో లేదు, పాలల్లో లేదు, నేతిలో లేదు. తేజేశ్వర్ తిన్న కేసరిలో మాత్రం ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్నది మీ చెయ్యొక్కటే. కంటికి కనపడకుండా పనిచేసే చెయ్యి. డిటెక్టివ్ హారిస్ రేపు అడగబోయేది ఇదే. ఏం చెబుతారు?"

"టోపీలో వండాను అని చెబుతాను."

"జైల్లో పెడతారు."

"పెడితే పెట్టనివ్వండి. బిస్కెట్ తీసుకోండి."

వెనకాల నిలబడ్డ భానుశ్రీ ఇక తట్టుకోలేకపోయింది. ఉమామహేశ్వరరావుకి ఒక్కతే కూతురు. తండ్రిని విజిటర్ వీసా మీద పిలిపించిందీ, సంఘం వాళ్ళని బతిమాలి షో ఇప్పించిందీ ఆ పిల్లే. నాలుగు రోజులుగా ఆఫీస్‌కి లీవ్ పెట్టి లాయర్ చుట్టూ తిరుగుతోంది. నాగమల్లేశ్వరి కాళ్ళావేళ్ళా పడి రప్పించింది కూడా తనే.

"నాన్నా, ప్లీజ్! సీక్రెట్ చెప్పేస్తే ఏమవుతుంది? మీ గురువుగారు పైనుంచి వచ్చి కొడతారా? లాయర్ ఏమన్నాడో విన్నావుగా. ఇంటెంట్ ఉందని ఛార్జ్ చేస్తే బెయిల్ కూడా డౌటే అన్నాడు."

"విద్య అమ్మడం ఎంత తప్పో, బయటపెట్టడమూ అంతే తప్పమ్మా."

"తొక్కలో విద్య!" అంది భానుశ్రీ, ఏడుపు ఆపుకుంటూ. "మీరైనా చెప్పండి ఆంటీ. ఈ పది రోజుల్నుంచీ ఇదే వరస. ఆ సామాన్లు చూస్తేనే కంపరం పుడుతోంది నాకు. నిన్న ఎవరో వాలంటీర్ మా మడత బల్ల కూడా తెచ్చి గరాజ్‌లో పడేసి పోయాడు, ఇన్నాళ్ళూ వాళ్ళ వ్యాన్‌లోనే ఉండిపోయిందట."

ఉమామహేశ్వరరావు చేతిలో కప్పు సాసరుకి తగిలి టక్కుమంది.

చిన్న చప్పుడే. కానీ నాగమల్లేశ్వరి వచ్చినప్పటినుంచీ ఎదురుచూస్తున్నది దానికోసమే. జైలంటే చలించని మనిషి మడత బల్ల పేరు వినగానే చలించాడు. ఆవిడ లేచింది.

"గరాజ్ ఎటు భానూ?"

"అమ్మా, మీరు అటు వెళ్ళకండి," అన్నాడాయన. ఆ గొంతులో ఇందాకటి నింపాదితనం లేదు. "దణ్ణం పెడతాను. మీ మంచికే చెబుతున్నాను."

తన మంచి ఏమిటో ఆవిడకి అప్పుడు అర్థం కాలేదు. బెదిరింపు అనుకుంది. మనసులో కాస్త సంతోషించింది కూడా, పాత రోజుల్లోలా.

* * *

గరాజ్‌లో బియ్యం బస్తాలకీ, ఎవరూ ఎక్కని ట్రెడ్‌మిల్‌కీ మధ్య గోడకి ఆనించి ఉంది మడత బల్ల. షో రోజున పోలీసులు స్టేజీ మీది ట్రంకు పెట్టె, టోపీ, పళ్ళేలు, డబ్బాలు అన్నీ పట్టుకెళ్ళారు. బల్లని మాత్రం భోజనాల బల్లల్లో ఒకటి అనుకుని వాలంటీర్లు సర్దేశారు. దాని మీద కప్పిన నల్ల గుడ్డతో సహా చుట్టి, తాడు కట్టి ఉంది.

తాడు విప్పింది. గుడ్డ సగం తెరవకముందే పులిసిన పాల వాసన గుప్పుమని కొట్టింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, గుడ్డని వేళ్ళతో తడుముతూ పోయింది. ముందు వైపు మామూలు కుట్టే. వెనక వైపు, అంటే మెజీషియన్ నిలబడే వైపు, అంచు కింద ఒక పెద్ద సంచీ కుట్టి ఉంది. జనానికి ఎటునుంచీ కనపడని చోటు. అందులో రెండు గిన్నెలు ఉన్నాయి.

చిన్నది లోతు తక్కువ రేకు గిన్నె. నిండా రవ్వ, పంచదార, పాలు కలిసి గట్టిపడి, బూజుపట్టి ఉన్నాయి. పచ్చి రవ్వ, సెగ తగలని రవ్వ. పెద్దది స్టీలు డబ్బా. గోడలకి ఎండిపోయిన నారింజ రంగు కేసరి. చిన్నదాన్ని పెద్దదాని మూతి మీద పెట్టి చూసింది. అచ్చం కొలిచి చేసినట్టు కూర్చుంది.

ఇక చెప్పాల్సిందేముంది? టోపీ చేతికి రాగానే, వండిన కేసరితో ఉన్న డబ్బా సంచీలోంచి బల్ల చాటున అందులోకి దూరింది. దానిమీద ఖాళీ గిన్నె కూర్చుంది. జనం చూస్తుండగా పోసిందంతా పై గిన్నెలో పడింది. గుడ్డ కప్పినప్పుడు పైది సంచీలోకి జారింది. కేసరి పళ్ళెంలోకి తీశాక కింది డబ్బా కూడా అదే దారి పట్టింది. కొవ్వొత్తి ఉత్త అలంకారం.

నాగమల్లేశ్వరికి గుండె తేలికైంది. ల్యాబ్ వాళ్ళు చెప్పింది నిజమే, బల్లమీది రవ్వలో జీడిపప్పు లేదు. కానీ ఆ రవ్వ ఎవరూ తినలేదు! తేజేశ్వర్ తిన్నది ఎవరి వంటింట్లోనో ముందే ఉడికి వచ్చింది. చేతివాటం గొడవే లేదు. ముసలాయన బయటపడ్డట్టే. ఎక్కడ వండారో కనుక్కుంటే చాలు. ఆ ఉత్సాహంతోనే డబ్బాని తిరగేసి అడుగు చూసింది.

అడుగున చుక్కల అక్షరాలతో పేరు చెక్కి ఉంది. 'సి.ఐ. నాగమల్లేశ్వరి గారికి, టూ టౌన్ స్టాఫ్.'

రిటైరైన రోజున కానిస్టేబుళ్ళందరూ కలిసి ఇచ్చిన స్టీలు డబ్బాల సెట్టు అది. అమెరికాలో కూతురింట్లో సరైన గిన్నె ఒకటి ఉండదని, పచ్చళ్ళు తగ్గించుకుని మరీ సూట్‌కేసులో తెచ్చింది.

 బియ్యం బస్తా మీద కూలబడింది. ఆ శనివారం పొద్దున్న కళ్ళముందుకి వచ్చింది. ఇంటిల్లిపాదికీ కట్టెపొంగలి చేస్తోంది తను. జీడిపప్పు బద్దలు నేతిలో వేయిస్తుంటే కూతురు స్రవంతి వెనకనుంచి వచ్చి, "అమ్మా, ఫ్రెండ్ వాళ్ళింట్లో పూజ. కొంచెం కేసరి చేసిపెట్టవా? జీడిపప్పు మాత్రం వద్దు," అంది. జీడిపప్పు లేని కేసరేమిటే అని తను వేళాకోళం చేసింది. "వద్దన్నారమ్మా, అంతే," అంది అది. ఎవరికో ఇష్టం ఉండదేమో అనుకుంది తను. వేగిన జీడిపప్పుని చిల్లుల గరిటెతో ఒక్కొక్క పలుకూ ఏరి పొంగలిలోకి వేసేసింది. బాణలిలో నెయ్యి మిగిలింది, అడుగున కాస్త చూరతో. నెయ్యి పారబోస్తారా ఎవరైనా? అందులోనే రవ్వ పోసి కమ్మగా వేయించింది. కేసరిలో ఒక్క పలుకు కూడా లేదు. చూపించి మరీ మురిసిపోయింది.

వంట చేసింది తను. ఇన్నాళ్ళూ తను వెతుకుతున్న మనిషి తనే.

* * *

"ఏంటి నాగమల్లేశ్వరీ, అంట్లు తోముతున్నావా?"

గరాజ్ తలుపు పైకి లేచింది. వెలుతురులో నడుముకి చేతులు పెట్టుకుని కృష్ణమోహన్ నిలబడి ఉన్నాడు. రిటైర్డ్ డీఎస్పీ. సర్వీసులో ఎనిమిదేళ్ళు ఆవిడ పైఅధికారి. నాగమల్లేశ్వరి పట్టుకున్న దొంగలందరూ పేపర్లో కృష్ణమోహన్ పక్కనే నిలబడి ఫొటో దిగేవాళ్ళు. రిటైరయ్యాకైనా పీడ వదిలిందనుకుంటే, కొడుకు ఇదే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. సంఘం వాళ్ళు ఈయన్ని వెంటేసుకుని పోలీసుల దగ్గరకి వెళ్ళారు. ఇప్పుడు డిటెక్టివ్ హారిస్‌కి తెలుగు వాళ్ళ సంగతులు విడమరిచి చెప్పేది ఈయనే.

ఆవిడ డబ్బా అడుగుని పొట్టకి ఆనించుకుని పట్టుకుంది. ఆ పని తన చేతులే చేశాయి, తను చెప్పకుండానే. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క సాక్ష్యం కూడా దాచని చేతులు.

"మీరెందుకొచ్చారు సార్?"

"ముసలాయనకి నాలుగు మంచి మాటలు చెబుదామని. రేపు హారిస్ ముందు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుంది. ట్రాన్స్‌లేషన్‌కి నేనే వెళుతున్నాను. నన్ను స్పెషల్‌గా అడిగాడు."

"ఆయన చెయ్యలేదు సార్."

"మూడొందల మంది ముందు వండాడు, వడ్డించాడు. ఇంతకంటే ఐ విట్నెస్ ఏం కావాలి నీకు?"

"తేజేశ్వర్ మీద ఆయనకి కక్షేముంది?"

"షో పావుగంటకి తగ్గించేశాడుగా. కళాకారులకి పొగరు ఎక్కువ, ఆ మాత్రం చాలు," అన్నాడు కృష్ణమోహన్. తర్వాత కొంచెం ముందుకి వంగి, గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? మొదట్లో నా అనుమానం మీ అల్లుడి మీదే. తేజేశ్వర్ కంపెనీలోనే కదా కిరణ్‌కుమార్ పని. గ్రీన్‌కార్డు ఫైల్ చెయ్యనని తేజేశ్వర్ బెదిరిస్తే, క్లబ్‌హౌస్ పార్కింగ్‌లో కాలర్ పట్టుకోబోయాడట. పదిమంది చూశారు. కానీ షో టైమ్‌కి స్టేజీ చుట్టుపక్కల లేడు, కేసరి ముట్టుకోలేదు. అదృష్టవంతుడు."

నాగమల్లేశ్వరి డబ్బాని ఇంకా గట్టిగా పొట్టకి అదుముకుంది.

"అలా కొయ్యబారిపోయావేంటి? ఆ గిన్నె ఏంటి?"

"గిన్నె సార్. కడగాలి."

"కడుగు, కడుగు. అదీ నీకు తగిన పని," అని నవ్వి, లోపలికి వెళ్ళబోయి, ఫోన్ మోగితే చూసుకుని మళ్ళీ తన కారు వైపు నడిచాడు. వంట గిన్నె వైపు రెండోసారి చూడడం ఆయన జన్మలో చెయ్యని పని. అందుకు ఆవిడ మొదటిసారి ఆయనకి రుణపడింది, అలా రుణపడినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

* * *

డబ్బాని తెచ్చి టీ బల్లమీద పెట్టేసరికి ఉమామహేశ్వరరావు కళ్ళు మూసుకున్నాడు.

"చూసేశారా అమ్మా," అన్నాడు.

"నేను వండానని మీకు తెలుసు."

"షో అయిన రాత్రే స్రవంతి చెప్పింది. మా ఇత్తడి గిన్నెల సెట్టు ఉన్న పెట్టె విమానంలో తప్పిపోయింది. టోపీలో పట్టే డబ్బా కోసం చూస్తుంటే మీ స్రవంతి తన దగ్గరుందని చెప్పింది. కేసరి కూడా తనే చేయించి తెస్తానంది. సాయంత్రం మళ్ళీ వేడి చేసి, క్లబ్‌హౌస్ వెనక తలుపు దగ్గర పొగలతో నా చేతికిచ్చింది."

"మాకు చెప్పొచ్చుగా నాన్నా!" అంది భానుశ్రీ. "మనింట్లోనే చేసేదాన్నిగా!"

"మ్యాజిక్ చేసేవాడి ఇంట్లో వండకూడదమ్మా. వాసన వస్తుంది, పిల్లలు చూస్తారు, బయట అంటారు. వేరే ఇంట్లో వండించాలి. వండేవాళ్ళకి కూడా ఎందుకో తెలియకూడదు. మా గురువుగారి దగ్గర్నుంచీ అదే పద్ధతి. యాభై ఏళ్ళు అలాగే చేశాను." ఆయన కప్పు పక్కకి జరిపాడు. "జీడిపప్పు వద్దని చెప్పాను. ఎందుకు వద్దో చెప్పలేదు. చెబితే తేజేశ్వర్ కోసమని తెలిసిపోతుందిగా. తప్పంటూ ఉంటే అది నాది. మీది కాదు."

"పలుకులు తీసేశాను," అంది నాగమల్లేశ్వరి.  "అన్నీ ఏరేశాను. కానీ అవి వేగిన నేతిలోనే రవ్వ వేయించాను."

భానుశ్రీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్లకి రెండో మాట చెప్పనక్కర్లేకపోయింది. "మా అత్తయ్యా అంతే ఆంటీ. నేనూ అంతే. ఎవరైనా అంతే కదా," అని గొణిగింది.

ఆ తర్వాతే కోపం వచ్చింది దానికి. "అంటే స్రవంతికి మొదట్నుంచీ తెలుసా? పది రోజులు! రోజూ ఫోన్ చేసి అంకుల్‌కి ఎలా ఉంది, లాయర్ ఏమన్నాడు అని అడుగుతుంది. అన్నీ తెలిసి అడుగుతోందా?"

 నాగమల్లేశ్వరి ఫోన్ తీసి కూతురికి వాట్సాప్ కాల్ చేసింది. స్పీకర్ పెట్టలేదు, అయినా ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడుతూనే ఉంది.

"స్రవంతీ, డబ్బా దొరికింది."

అవతల తలుపు వేసుకున్న చప్పుడైంది.

"అమ్మా, నువ్వు ఎవరికీ ఏమీ చెప్పకు. ప్లీజ్. ఆయనే చెప్పొద్దన్నారు, నేను అడగలేదు. ఒట్టు."

"ముసలాయన్ని జైల్లో వేస్తారే."

"వెయ్యరమ్మా. ఏజ్ చూస్తారు. మహా అయితే ఇండియాకి పంపించేస్తారు. మాకలా కాదు. కిరణ్‌కి తేజేశ్వర్‌తో గొడవైందని అందరికీ తెలుసు. ఆ కేసరి మా కిచెన్ నుంచి వచ్చిందంటే యాక్సిడెంట్ అని ఎవరు నమ్ముతారు? నువ్వే చెప్పు, నువ్వు సీఐగా ఉంటే నమ్మేదానివా?"

నమ్మేది కాదు. అది ఆవిడకి తెలుసు. కక్ష ఉన్న ఇల్లు, ఆ ఇంట్లో వంట, ఆ వంట తిని పడిపోయిన మనిషి. ఇంత స్పష్టంగా ఉన్న కేసులో నెయ్యి గురించి మాట్లాడే ఆడదాన్ని తను స్టేషన్ అరుగు మీద కూర్చోబెట్టేది.

"కిరణ్ బయల్దేరాడు," అంది స్రవంతి ఏడుస్తూ. "నిన్ను పికప్ చేసుకుంటాడు. ఏం మాట్లాడకుండా కారెక్కి వచ్చెయ్. తనకి ఏమీ తెలీదమ్మా. నిజంగా తెలీదు."

ఫోన్ పెట్టేసింది నాగమల్లేశ్వరి. ఉమామహేశ్వరరావు ఆవిడ వైపే చూస్తున్నాడు. ఆ చూపులో బతిమాలడం ఉంది, తనని కాపాడమని కాదు, వదిలెయ్యమని.

"నాకు వెనకాల ఎవరున్నారమ్మా. మా ఆవిడ పోయింది. భానుకి సిటిజన్‌షిప్ వచ్చేసింది, దాన్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీ వాళ్ళు అలా కాదు. ఆ డబ్బా తీసుకుని వెళ్ళిపోండి."

"ఆ డబ్బా ఎక్కడికీ వెళ్ళదు!" అంది భానుశ్రీ. "లాయర్‌కి కాల్ చేస్తున్నాను. ఆంటీ, అతను లైన్‌లోకి వచ్చేదాకా ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకండి." ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి పరిగెత్తింది.

ఆ కేకలకి వీధి తలుపు తీసుకుని కృష్ణమోహన్ లోపలికి వచ్చాడు. ఒకసారి ముసలాయన్నీ, ఒకసారి నాగమల్లేశ్వరినీ చూశాడు. పోలీసు ముక్కు ఎంత మొద్దుబారినా గదిలో ఏదో జరిగిందని తెలుసుకునేపాటి పనిచేస్తుంది.

"ఏంటి సంగతి?"

ఉమామహేశ్వరరావు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ ఆ తలే చూసింది. ఈ మనిషి రేపు పదింటికి వెళ్ళి, చెయ్యని నేరం నవ్వుతూ మీద వేసుకుంటాడు. తను కూతురింట్లో కూర్చుని మనవరాలికి జడ వేస్తుంటుంది. అలా బతకడం తనవల్ల కాదు. లాయరు వచ్చేదాకా ఆగమంది భానుశ్రీ. ఆగితే తన నోరు మళ్ళీ పడిపోతుందని భయమేసింది.

"ఆ కేసరి నేను వండాను సార్," అంది.

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. సంచీ, రెండు గిన్నెలు, పై గిన్నెలో పచ్చి రవ్వ, పొంగలి, నెయ్యి, అన్నీ వరసగా, రిపోర్టు చదివినట్టు చెప్పింది. ఆ వరస ఆయనకి అలవాటే, ఎనిమిదేళ్ళు విన్నాడు.

"ఆవిడ అబద్ధం చెబుతోంది," అన్నాడు ఉమామహేశ్వరరావు. "నేనే టోపీలో వండాను."

కృష్ణమోహన్ ఆ మాట విననట్టే డబ్బా తీసి తిరగేశాడు. పేరు చదివాడు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాడు.

"జీడిపప్పు తీసేశానన్నావు."

"తీసేశాను. నేతిలో చూర మిగిలింది."

"తీసేశాక ఇంకేముంటుంది నాగమల్లేశ్వరీ?" అన్నాడు జాలిగా. జన్మలో పొయ్యి వెలిగించని మనిషి. "చిన్నపిల్లలు కూడా నమ్మరు. అల్లుడి కోసం నీ మీద వేసుకుంటున్నావు. తల్లి మనసు, అర్థం చేసుకోగలను."

"అల్లుడికేం సంబంధం లేదు! అతనికి తెలీను కూడా తెలీదు!"

"మీ ఇంట్లో వండారు. మీ ఇంటి డబ్బాలో వచ్చింది. తేజేశ్వర్‌తో గొడవ మీ అల్లుడికే. పొయ్యి మీద ఉన్నదాంట్లో నువ్వు చూడకుండా ఓ చెంచా పొడి కలపడానికి ఎంతసేపు?"

"డబ్బా ఇటివ్వండి సార్."

"ఇది ఎవిడెన్స్," అన్నాడు కృష్ణమోహన్. జేబురుమాలు తీసి డబ్బాని జాగ్రత్తగా చుట్టాడు. చంకలో పెట్టుకున్నాడు. రెండో చేత్తో అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకున్నాడు. నాగమల్లేశ్వరి ఆయన చెయ్యి పట్టుకుంది. సర్వీసు మొత్తంలో పైఅధికారి చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆయన నెమ్మదిగా విడిపించుకున్నాడు.

"హలో, మిస్టర్ హారిస్? దిస్ ఈజ్ కృష్ణమోహన్. ఐ హావ్ న్యూస్ ఫర్ యూ."

ఆవిడ ఆ ఫోన్లోకి అరిచింది, తనకి వచ్చిన ఇంగ్లీషులో. "నాట్ హిమ్! మీ! ఐ కుక్!" అంది. కృష్ణమోహన్ ఫోన్‌ని అరచేత్తో మూసి, తీసి, "ఏమీ లేదు, ఫ్యామిలీ లేడీ, ఎమోషనల్," అని సర్దిచెప్పాడు ఇంగ్లీషులో. తర్వాత కిరణ్‌కుమార్ పేరు ఒక్కో అక్షరం విడదీసి చెప్పడం మొదలుపెట్టాడు. అవతల ఎవరో ఓపికగా రాసుకుంటున్నారు.

ఉమామహేశ్వరరావు సోఫాలో అలాగే కూర్చుని ఉన్నాడు, మొహం పాలిపోయి. ఆయన్ని కాపాడింది తను. అందుకు తనవైపు ఒక్కసారైనా చూస్తాడేమోనని చూసింది. ఆయన చూడలేదు.

బయట కారు ఆగిన చప్పుడైంది. ఎప్పటిలాగే రెండుసార్లు చిన్నగా హారన్ కొట్టాడు కిరణ్‌కుమార్, అత్తయ్యగారు తొందరపడకుండా చెప్పులు వేసుకుని రావాలని.

ఫోన్లో అవతలి మనిషి ఏదో అడిగాడు. కృష్ణమోహన్ కిటికీ తెర పక్కకి జరిపి చూశాడు.

"యెస్," అన్నాడు. "హి ఈజ్ హియర్ ఓన్లీ. కమ్ ఫాస్ట్."